జింకను కాపాడే ఖర్చు ఎవరిది?

(కృష్ణా తీర మండలాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి ముందు ఏ ఊళ్ళో కూర్చున్నా గిట్టుబాటు ధర, ఎరువుల కొరత, కరెంటు తర్వాత వచ్చే నాలుగో మాట ఒకటే. కోతి, పంది, జింక. కోతి మీద, పంది మీద సంఘం ఇదివరకే మాట్లాడింది. ఈ రోజు జింక గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఎందుకంటే మక్తల్, మాగనూరు, కృష్ణా, నర్వ మండలాల్లో జింక ఇప్పుడు చేను దాటి పెరట్లోకి వచ్చింది. తెల్లారి లేచి చూస్తే తోటకూర మడి నున్నగా కొరికేసి ఉంటుంది. చిక్కుడు పాదు మొదలు దాకా పోయి ఉంటుంది. బర్రెల తొట్టి దగ్గర గిట్టల గుర్తులుంటాయి. పిల్లలు సంబరపడతారు. తల్లి తలపట్టుకుంటుంది. ఈ రెండూ నిజమే. రెండింటినీ కలిపి ఆలోచించాలనే ఈ ప్రసంగం.

ముందే ఒక మాట. మేము జింకకు వ్యతిరేకం కాదు. రైతుకు అడవి జీవుల మీద పగ ఉందని పట్నంలో కొందరు అనుకుంటారు. పగే ఉంటే ఈ మండలాల్లో ఒక్క జింక కూడా మిగిలేది కాదు. అవి ఇన్ని మందలుగా తిరుగుతున్నాయంటే రైతులు ఓర్చుకున్నందువల్లే. ఆ ఓర్పుకు ఒక ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే మన ప్రశ్న.

ఇది ఏ జింక?

మనం జింక అనే ఒక్క మాటతో చాలా జంతువులను పిలుస్తాం. చుక్కల దుప్పి వేరు, కణితి వేరు, కృష్ణజింక వేరు. దుప్పికి, కణితికి కొమ్ములు కొమ్మలుగా చీలి ఉంటాయి, రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు మెలి తిరిగి, కణుపులు కణుపులుగా ఉంటాయి, రాలవు. మగదాన్ని మన పెద్దలు ఇర్రి అన్నారు, ఆడదాన్ని లేడి అన్నారు. ఇర్రి వయసు పెరిగే కొద్దీ నల్లబడుతుంది, పొట్ట కింద తెల్లగా ఉంటుంది. లేడికి సాధారణంగా కొమ్ములుండవు. ఆరు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది.

తెలంగాణ వచ్చాక 2014లో రాష్ట్ర జంతువుగా ప్రకటించింది చుక్కల జింకను. ఉమ్మడి రాష్ట్రానికి, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కృష్ణజింక. మన చేలలో తిరిగేది ఈ కృష్ణజింకే.

ఈ తేడా చెప్పడానికి కారణం ఉంది. దుప్పి అడవి జీవి. చెట్ల నీడ, పొదల చాటు కావాలి. కృష్ణజింకకు అడవి పనికిరాదు. దానికి కావలసింది గడ్డి ఉన్న బయలు. శత్రువును దూరం నుంచే చూసి పరుగు తీయడం దాని బతుకు. అందుకే "ఇవి అడవి జంతువులు కదా, నల్లమలలో వదిలేయండి" అన్న మాట పైకి బాగుంటుంది కానీ పని చేయదు. అవి నల్లమల నుంచి తప్పిపోయి వచ్చినవి కావు. ఈ నేల మీదే, మన తాతల నాటి నుంచి, ఈ బీళ్ళలో, గుట్టల కింద బయళ్ళలో, నది ఒడ్డు గడ్డిలో ఉన్నవే.

అవి మన పెరట్లోకి ఎందుకు వచ్చాయి?

తంగిడి దగ్గర కృష్ణా నది తెలంగాణలో అడుగు పెడుతుంది. ఆ ఒడ్డు వెంట, దాని మీది చెలకల్లో ఒకప్పుడు ఎంత బీడు ఉండేదో పెద్దవాళ్ళకు తెలుసు. ప్రతి ఊరికీ గైరాను ఉండేది, బంచరాయి ఉండేది, గుట్ట ఉండేది. ఊరి పశువులు, గొర్రెలు మేసేది అక్కడే. కృష్ణజింకలు మేసేదీ అక్కడే. పంట మీదికి రావలసిన అవసరం వాటికి తక్కువ. వచ్చినా మంచె మీద కావలి ఉండేది, చేతిలో వడిసెల ఉండేది.

ఆ భూమి ఏమైంది? కొంత పంపిణీ అయింది, అది న్యాయమే, భూమి లేని పేదకు భూమి రావాలి. కానీ చాలా భాగం పేదకు రాలేదు. కబ్జా అయింది, ప్లాట్లయింది, గుట్ట కంకరయింది. మిగిలిన దాంట్లో సర్కారు తుమ్మ అల్లుకుంది. సర్కారు తుమ్మ కింద గడ్డి మొలవదు. ప్రభుత్వ లెక్కల్లో గడ్డిభూమికి అసలు విలువే లేదు. చెట్టు ఉంటే అడవి, పంట ఉంటే సాగు, రెండూ లేకుంటే బంజరు. గొర్రెల కాపరికి, రైతు పశువుకు, జింకకు అన్నం పెట్టే భూమిని కాగితం మీద బంజరు అని రాసినప్పుడే అది ఎవరికైనా ఇచ్చేయదగ్గ భూమి అయిపోయింది.

కంచ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర లేదు, పశువుల మేత భూమి. హైదరాబాదులో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని చెట్ల నరికివేతను ఆపించినప్పుడు దేశమంతా జింకల గురించి మాట్లాడింది. మంచిదే. అయితే మన ఊళ్ళలో పోయిన కంచలకు లెక్క లేదు. ఆ కంచల్లో మేయవలసిన జింక ఈ రోజు మన పెసర చేనులో మేస్తున్నది. గడ్డి పోయిన చోట లేత మొలకే దానికి గడ్డి.

ఇంకొక కారణం. వేటాడే జంతువు పోయింది. ఒకప్పుడు కృష్ణజింకను వేటాడిన చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. దక్కను బయళ్ళలో జింకను అదుపులో ఉంచిన తోడేలు కూడా చాలా చోట్ల కనిపించడం లేదు. దాని బదులు ఊరకుక్కల గుంపులున్నాయి. అవి జింకలను తరుముతాయి, పిల్లలను చంపుతాయి, బెదిరిన మందను చేల మీదికి, ఇళ్ళ మీదికి తోలుతాయి. పెరట్లోకి జింక వచ్చిందంటే అది ధైర్యంతో రాలేదు, చాలాసార్లు కుక్కలకు భయపడో, దప్పికతోనో వచ్చింది.

నష్టం ఎక్కడ దాగుతుంది?

అధికారులు అడిగే ప్రశ్న ఒకటుంది: "పంట ఎంత శాతం పోయింది?" జింక నష్టానికి ఈ ప్రశ్నే సరిపోదు. అడవిపంది కాపుకు వచ్చిన పంటను తవ్వి పోస్తుంది, అది కంటికి కనిపిస్తుంది. జింక మొలకను కొరుకుతుంది. పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు, కంది జానెడు లేచినప్పుడు, పెసర లేతగా ఉన్నప్పుడు మంద వచ్చి ఒక్క పొద్దులో సాళ్ళు సాళ్ళే కొరికేస్తుంది. రైతు ఊరుకోడు కదా. మళ్ళీ విత్తుతాడు. పదిహేను రోజుల తర్వాత అధికారి వచ్చి చూస్తే చేను పచ్చగా ఉంటుంది. "నష్టం ఏది?" అంటాడు.

నష్టం రెండో విత్తనంలో ఉంది. 2025 వానాకాలానికి కేంద్రం బీటీ పత్తి బీజీ-2 ప్యాకెట్ ధర 901 రూపాయలుగా నిర్ణయించింది. ఎకరాకు రెండు ప్యాకెట్లు వేసే రైతుకు మళ్ళీ విత్తితే విత్తనం ఒక్కదానికే 1,802 రూపాయలు. దాని మీద కూలి, అచ్చు తోలడం, పోయిన అదును. పది పదిహేను రోజులు వెనకబడిన పత్తి చివరికి వానకో, పురుగుకో దొరుకుతుంది. ఆ తగ్గిన దిగుబడిని జింక ఖాతాలో ఎవరూ రాయరు. రైతు అప్పు ఖాతాలో మాత్రం అది రాసి ఉంటుంది.

రెండోది, నష్టం అందరికీ సమంగా రాదు. బీడు పక్కన, గుట్ట కింద, నది అంచున ఉన్న మొదటి చేను ఎక్కువ పోతుంది. దాని వెనక ఉన్న పదో చేనుకు ఆ రైతే కంచె. సాధారణంగా ఆ అంచు భూమి ఎవరిది? చిన్న రైతుది, అసైన్డ్ భూమి పొందిన దళితుడిది, తక్కువ కౌలుకు దొరికిందని తీసుకున్న కౌలు రైతుది. పరిహారం వస్తే గిస్తే పట్టాదారు ఖాతాలో పడుతుంది. విత్తింది ఒకరు, కావలి కాసింది ఒకరు, సంతకం ఇంకొకరిది. కౌలు రైతుకు గుర్తింపు కార్డు కోసం 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. చట్టం ఉండడం ఒకటి, కార్డు చేతికి రావడం ఒకటి. కార్డు లేని చోట జింక తిన్న పంట కౌలు రైతుకు రెండు సార్లు పోయినట్టు.

మూడోది పెరడు. పెరటి కూర ఏ లెక్కలోనూ లేదు. కానీ కూలికి పోయే ఇంట్లో నాలుగు నెలలు కూరగాయల ఖర్చు లేకుండా చేసేది ఆ పెరడే. అది ఆడవాళ్ళ కష్టం. దాన్ని పంట అనరు కాబట్టి నష్టం అనరు. మనం అనాలి.

చట్టం ఏమంటుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కృష్ణజింక ఈ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పెద్దపులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. దాన్ని చంపినా, పట్టినా, ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా నేరం. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. ఇది పెద్ద మనుషులకు భయం పెట్టకపోవచ్చు. అర ఎకరం రైతు కుటుంబాన్ని మాత్రం వీధిన పడేస్తుంది.

కొందరు అడుగుతున్నారు: "బీహారులో మనుబోతులను చంపడానికి అనుమతి ఇచ్చారు కదా, మనకెందుకు ఇవ్వరు?" నిజమే, 2015 డిసెంబరులో కేంద్రం బీహారులోని కొన్ని జిల్లాల్లో మనుబోతును, అడవిపందిని ఏడాది పాటు హానికర జంతువులుగా ప్రకటించింది. కానీ చట్టం 62వ సెక్షన్ ప్రకారం అలా ప్రకటించే వీలు మొదటి షెడ్యూలు జంతువులకు లేదు. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైనప్పుడో, బాగుచేయలేని స్థితిలో ఉన్నప్పుడో తప్ప దాన్ని వేటాడే అనుమతి ఎవరూ ఇవ్వలేరు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. కాబట్టి "తుపాకి లైసెన్సు ఇప్పిస్తాం" అని ఎవరైనా ఓట్ల ముందు మాట ఇస్తే నమ్మకండి.

ఇప్పుడు ఇదే చట్టంలో 39వ సెక్షన్ చూడండి. వన్యప్రాణి చనిపోయి కనిపిస్తే అది రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. దాని తోలు, కొమ్ము, మాంసం ఏదైనా మన చేతికి వస్తే 48 గంటల్లో పోలీసు స్టేషనుకో, అధికారికో తెలియజేయాలి. సరే, ఒప్పుకుంటాం. చచ్చిన జింక ప్రభుత్వ ఆస్తి అయినప్పుడు, బతికుండి మన చేను మేసే జింక ఎవరిది? పక్కింటి బర్రె మన చేనులో పడితే బందెలదొడ్డికి తోలి నష్టం కట్టించుకుంటాం. ప్రభుత్వం రక్షించే జంతువు మేస్తే నష్టం కట్టే హామీ ఆ చట్టంలో లేదు. పరిహారం రాష్ట్రాలు ఇచ్చే ఉత్తర్వుల దయ మీద నడుస్తున్నది. చట్టం రైతుకు శిక్షను ఖాయం చేసింది, పరిహారాన్ని ఖాయం చేయలేదు. మన పోరాటం ఇక్కడ.

పెరట్లోకి వచ్చిన జింకతో ఎలా మెలగాలి?

పోరాటం ఒక పక్క సాగుతుంది. రేపు పొద్దున పెరట్లోకి వచ్చే జింకకు మాత్రం ఈ రోజే సమాధానం కావాలి. అక్కచెల్లెళ్ళు ముఖ్యంగా వినాలి.

ఒకటి. చేను గట్టున గడ్డిలో జింక పిల్ల ఒంటరిగా పడుకొని కనిపిస్తే ముట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు. తల్లి దాన్ని వదిలేయలేదు. మొదటి రోజుల్లో పిల్లను గడ్డిలో దాచి, తల్లి దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. మనం నిలబడి చూస్తుంటే ఆ తల్లి రాదు. జాలితో తెచ్చి సీసా పాలు పోస్తే చాలా పిల్లలు చచ్చిపోతాయి. బతికినా చట్టం దృష్టిలో అది నేరమే. మగ పిల్ల పెరిగి మనిషికి అలవాటు పడితే ఇంకా ప్రమాదం, మనిషిని సాటి ఇర్రి అనుకొని కొమ్ములతో పొడుస్తుంది. కుక్కలు గాయపరచిన పిల్ల అయితే అటవీ శాఖ వాళ్ళకు వెంటనే కబురు చేయండి.

రెండు. మేత పెట్టవద్దు. పిల్లలు ముచ్చటపడి మక్కలు, బియ్యం, రొట్టె వేస్తారు. నెమరు వేసే జంతువుకు ఒక్కసారిగా గింజ ఎక్కువైతే కడుపులో పులిసి ప్రాణం మీదికి వస్తుంది, మన మేకలకు జరిగేదే వాటికీ జరుగుతుంది. పైగా అలవాటు పడిన జింక రేపు మందను వెంట తెస్తుంది.

మూడు. నీళ్ళు పెట్టాలనుకుంటే ఇంటి దగ్గర వద్దు. ఎండాకాలం ఊరి బయట, చేలకు దూరంగా, బీడులో తొట్టి పెట్టాలి. ఇది ఊరంతా కలిసి, పంచాయతీ ద్వారా చేయవలసిన పని. బయట నీళ్ళు దొరికితే పెరట్లోకి రావడం తగ్గుతుంది.

నాలుగు. గట్టు లేని బావికి చుట్టూ గట్టు కట్టాలి, కనీసం ముళ్ళ కంప వేయాలి. రాత్రి పూట బెదిరిన జింక బావిలో పడితే మనకు కేసు, దానికి చావు. బావిలో పడేది జింక ఒక్కటే కాదు, మన పిల్లలూ పడతారు.

ఐదు. పెరటికి చేపల వల గానీ, పాత చీరలు గానీ కడుతున్నారు. వల కట్టితే బిగువుగా, నేలకు ఆనించి కట్టండి. వదులు వలలో కొమ్ములు చిక్కుకొని జింక కొట్టుకొని చస్తుంది. ఆకుకూర మడులను ఇంటి గోడ వైపు, ఘాటు వాసన ఉన్నవి, ముళ్ళున్నవి బయటి వరసలో పెట్టుకోవడం మంచిది.

ఆరు. పశువులకు గాలికుంటు టీకా, మేకలకు గొర్రెలకు పీపీఆర్ టీకా తప్పనిసరిగా వేయించండి. ఒకే తొట్టి దగ్గర నీళ్ళు తాగినప్పుడు రోగం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతుంది.

ఏడు. పెరట్లో చిక్కుకున్న జింకను గుంపుగా చుట్టుముట్టి అరవవద్దు, ఫోన్లతో వెంటపడవద్దు. వెంటాడి పట్టుకున్న జింక భయంతోనే, ఒంట్లో కండరాలు దెబ్బతిని చచ్చిపోతుంది. ఒక దారి తెరిచి, కుక్కలను కట్టేసి, అందరూ పక్కకు తప్పుకుంటే అదే వెళ్ళిపోతుంది.

చేనులో ఏది పనిచేస్తుంది?

వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేస్తే దాని ముళ్ళు జింకను, పందిని కొంత ఆపుతాయి. ఇది మన పాత పద్ధతి, శాస్త్రవేత్తలూ చెబుతున్నదే. కోడిగుడ్డు కలిపిన నీళ్ళు చేను అంచున చల్లితే ఆ కుళ్ళు వాసనకు జింకలు కొన్నాళ్ళు దూరంగా ఉంటాయి. వాన పడితే మళ్ళీ చల్లాలి. రంగు చీరలు, మెరిసే రిబ్బన్లు, డప్పు చప్పుడు నాలుగు రోజులు పనిచేస్తాయి, ఐదో రోజుకు జింక అలవాటు పడుతుంది. ఈ పద్ధతులన్నిటినీ మార్చి మార్చి, మొలక దశ నుంచి మూడు నాలుగు వారాలు వాడాలి. ఆ మూడు నాలుగు వారాలే ముఖ్యం.

ఆ రోజుల్లో ఒక్కో రైతు ఒంటరిగా కావలి కాస్తే జింక పక్క చేనులోకి పోతుంది, నష్టం పక్కవాడికి మారుతుంది. ఒక గుంట చేలవాళ్ళు కలిసి ఒకే వారంలో విత్తి, వంతులు వేసుకొని తెల్లవారుజామున, సాయంత్రం కావలి కాస్తే ఫలితం ఉంటుంది. అంచు చేను రైతుకు వెనక చేలవాళ్ళు కూలి రూపంలో సాయపడాలి. సంఘం అంటే జెండా ఒక్కటే కాదు, ఇది కూడా సంఘమే.

సోలార్ కంచె గురించి అడుగుతున్నారు. సరైన సోలార్ కంచె బ్యాటరీతో నడిచే యంత్రం ద్వారా సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంత కూడా ఉండని షాకు ఇస్తుంది. అది బెదిరిస్తుంది, చంపదు. కానీ తీగల కింద గడ్డి పెరిగితే పనిచేయదు, చూసుకుంటూ ఉండాలి. ఒక్కడు పెట్టుకుంటే ఖర్చు భారం, పది మంది చుట్టూ ఒకే కంచె వేసుకుంటే ఎకరాకు ఖర్చు తగ్గుతుంది.

ఇక్కడ ఒక విషయం కఠినంగానే చెప్పాలి. స్తంభం నుంచి కొక్కెం వేసి, చేను చుట్టూ బైండింగ్ వైరుకు కరెంటు పెట్టడం సోలార్ కంచె కాదు. అది ఉరితాడు. దానికి పంది అని, జింక అని తెలియదు. తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు, గొర్రెల కాపరి, చివరికి ఆ తీగ కట్టినవాడి కొడుకే దానికి తగిలి చచ్చిన సంగతులు మన రెండు రాష్ట్రాల్లో ఏటా పేపర్లలో చదువుతున్నాం. ఇంట్లో శవం, పైన హత్య కేసు. ఏ పంటా అంత విలువైనది కాదు. ఏ ఊళ్ళో ఈ తీగ కనిపించినా సంఘం కమిటీ స్వయంగా పోయి తీయించాలి.

వేరే చోట్ల ఏం చేశారు?

రాజస్థాన్‌లో బిష్ణోయిల సంగతి చాలామంది విన్నారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు చెట్లు కొట్టడానికి వస్తే 363 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళు కాపాడిన ఖేజ్‌డీ చెట్టు మన జమ్మి చెట్టే, మన రాష్ట్ర వృక్షం. అదే సమాజం కృష్ణజింకను తమ బిడ్డగా చూస్తుంది. మనకు దగ్గరగా ఒడిశాలోని గంజాం జిల్లాలో భేట్నోయి, బాలిపదర్ ప్రాంతంలో అభయారణ్యం ఏదీ లేకుండానే కృష్ణజింకలు చేలల్లో తిరుగుతాయి. జింక అడుగు పెడితే పంట బాగా పండుతుందని అక్కడి రైతుల నమ్మకం. ఈ ఉదాహరణలు చూపించి "మీరు కూడా అలా ఉండండి" అని మనకు నీతి చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకు మన జవాబు: నమ్మకం రైతుది అయినా ఖర్చు దేశానిది కావాలి. పేదవాడి భక్తి మీద ప్రభుత్వం తన బాధ్యతను తోసేయకూడదు.

ఆ బాధ్యతను తోసేస్తే ఏమవుతుందో కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడు చెబుతుంది. బట్టమేక పిట్టను కాపాడడానికి 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. రక్షణ దొరికాక పదుల్లో ఉన్న కృష్ణజింకలు వందలయ్యాయి. చుట్టూ చేల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. చివరికి ఏ పిట్ట కోసం అంత చేశారో ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు. చుట్టూ ఉన్న రైతును పక్కన పెట్టి ఏ జీవినీ కాపాడలేమన్న పాఠం మన తెలుగు నేల మీదే ఉంది.

మధ్యప్రదేశ్‌లో 2025 అక్టోబరులో షాజాపూర్ ప్రాంతంలో బోమా అనే పద్ధతిలో, హెలికాప్టర్‌తో మందలను మెల్లగా గరాటు ఆకారంలో కట్టిన తెరల్లోకి తోలి, వందల కృష్ణజింకలను చేల నుంచి రక్షిత ప్రాంతాలకు తరలించారు. చేతితో ముట్టకుండా, మత్తు ఇవ్వకుండా చేసే పద్ధతి అది. ఖర్చు ప్రభుత్వానిది. ప్రభుత్వం తలచుకుంటే చేయగలదని ఇది రుజువు చేసింది. కానీ తరలించిన చోట గడ్డి బయలు ఉండాలి, ఇక్కడ మళ్ళీ మిగిలిన మందకు మేత ఉండాలి. లేకపోతే నాలుగేళ్ళకు కథ మొదటికే వస్తుంది.

మన కోర్కెలు

ఒకటి, వన్యప్రాణుల వల్ల పంట నష్టానికి పరిహారం ఉత్తర్వుల దయ మీద కాకుండా చట్టబద్ధమైన హక్కు కావాలి. దరఖాస్తు చేసిన తర్వాత ఇన్ని రోజుల్లో చెల్లించాలన్న గడువు ఉండాలి.

రెండు, మొలక దశ నష్టాన్ని, మళ్ళీ విత్తే ఖర్చును విడిగా లెక్కించాలి. శాతం లెక్కతో తప్పించుకోవడం కుదరదు.

మూడు, పరిహారం సాగు చేసినవాళ్ళకే అందాలి. కౌలు రైతుకు గ్రామసభ ధ్రువీకరణ చాలు అనాలి.

నాలుగు, పంటల బీమా. ఫసల్ బీమా పథకంలో అడవి జంతువుల వల్ల కలిగే నష్టాన్ని 2026 వానాకాలం నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో ఫొటోలతో ఫోన్ యాప్‌లో తెలపాలన్నది షరతు. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రమే ప్రకటించాలి. ఆ జాబితాలో కృష్ణజింక ఉండాలి, మన మండలాలు ఉండాలి. యాప్ వాడలేని రైతు కాగితం మీద ఇచ్చినా తీసుకోవాలి.

ఐదు, మిగిలిన గైరాన్లు, బంచరాయిలు సర్వే చేసి హద్దులు నాటాలి. ఉపాధి హామీ పనుల్లో సర్కారు తుమ్మ తీయించి గడ్డి పెంచాలి. ఇది గొర్రెల కాపరికీ, పాడి రైతుకూ, జింకకూ పనికొచ్చే ఒకే పని.

ఆరు, సామూహిక సోలార్ కంచెలకు పూర్తి రాయితీ ఇవ్వాలి, అంచు చేల చిన్న రైతులతో మొదలు పెట్టాలి.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాం. కోర్కెల పత్రం వెనక లెక్క లేకపోతే అధికారి దాన్ని పక్కన పెడతాడు. కాబట్టి ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. తేదీ, సర్వే నంబరు, సాగు చేస్తున్నవాళ్ళ పేరు, పంట, విత్తిన రోజు, జింక పడిన రోజు, మళ్ళీ విత్తారా, ఎన్ని ప్యాకెట్లు, ఎంత కూలి. పెరటి నష్టానికి వేరే పేజీ. అది అక్కచెల్లెళ్ళే రాయాలి. నష్టం కనిపించిన రోజే ఫొటో తీయాలి, దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోవాలి. రసీదు లేని దరఖాస్తు ఇవ్వనట్టే. ఈ వానాకాలం మొదటి విత్తనం నుంచి రాస్తే, దసరా నాటికి మన మండలాల లెక్క మన చేతిలో ఉంటుంది. ఆ పుస్తకాలతోనే కలెక్టరు దగ్గరికి పోదాం.

1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని రాశారు. ఈ మండలాల రైతు ఆ విధిని తన చేను ఇచ్చి నెరవేరుస్తున్నాడు. మిగిలిన పౌరులు, వాళ్ళ ప్రభుత్వం తమ వంతు చెల్లించాలి. మనం అడుగుతున్నది ఇంతే.

సెలవు.